మామ్మగారి కిటికీకి జరిగిన సన్మానం

మా వీధివారందరికీ సంతోషంతో తెలియజేయునదేమనగా, పదమూడో నంబరు ఇంటి ముందుగది కిటికీ తన బాధ్యతల నుంచి విరమించుకుంది. ఇకపై అది గాలి ఇవ్వదు, వెలుతురు ఇవ్వదు, ఎవరినీ బయటికి చూడనివ్వదు. అలంకరించబడి ఉంటుంది, అంతే. ఎదురింట్లో అద్దెకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ కార్యక్రమాన్ని మొదటి నుంచీ కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ కిటికీ వెనక పదకొండేళ్ళుగా ఒక మామ్మగారు కూర్చునేవారు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగలేరు. తాను వీధిలోకి వెళ్ళలేరు కనక వీధినే ఇంట్లోకి రప్పించుకున్నారు. ఎవరు పంపు కట్టెయ్యడం మరిచారో, ఎవరి గ్యాస్ బండ ఎవరి గుమ్మంలో దిగిందో, ఎవరి సుపుత్రుడు బడి ఎగ్గొట్టి గోడ దూకాడో ఆవిడకు తెలియకుండా జరిగేది కాదు. ఒకరోజు నేను ఇంటర్వ్యూకి పరిగెడుతుంటే, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నానని కిటికీలోంచి కేకేసి చెప్పారు. ఉద్యోగం రాలేదనుకోండి, కానీ గుండీల వల్ల మాత్రం పోలేదు. ఇంత పనికీ ఆవిడకు జీతం లేదు, సెలవు లేదు. ఆ కిటికీ తప్ప వేరే లోకమూ లేదు.

ఆవిడ కొడుకు బీమా కంపెనీలో ఆఫీసరు. ప్రమోషన్ వచ్చిన వారం తన పై అధికారి ఇంటికి విందుకు వెళ్ళి, అక్కడి కిటికీలు చూసి, ఇంటికొచ్చి తమ కిటికీ చూసుకుని కుమిలిపోయారు. ఒంటి మీద బట్టలేని కిటికీ అన్నారట. బజారులో కుట్టి అమ్మే కర్టెన్లు రెండు తెచ్చి తగిలిస్తే సరిపోతుందని కోడలు అన్నారు. కిటికీ కొలతలకు కుట్టించనిదీ ఒక కర్టెనేనా అని ఆయన నిలదీశారు. పదకొండేళ్ళుగా లేని అవమానం ఆ ఒక్క సాయంత్రంలో వచ్చి ఇంట్లో తిష్ఠ వేసింది.

మర్నాడు కిటికీ అలంకరణ సలహాదారు విచ్చేశారు. ఒక్క కిటికీని మూడు గంటల సేపు కొలిచారు. "ప్రతి కిటికీకీ ఒక వ్యక్తిత్వం ఉంటుందండి. మీ కిటికీ కొంచెం సిగ్గరి" అని తేల్చారు. తర్వాత లెక్క విప్పారు. కిటికీ వెడల్పు నాలుగడుగులే అయినా కుచ్చులు నిండుగా రావాలంటే గుడ్డ పదడుగులు కావాలి. అతుకు దగ్గర పువ్వు సగానికి తెగకూడదు కాబట్టి ఇంకో రెండడుగులు. ఆ గుడ్డ ఎండకు వెలిసిపోకుండా వెనక ఒక లైనింగు. గుడ్డా లైనింగూ ఒరుసుకోకుండా మధ్యన మెత్తటి ఇంకో గుడ్డ. ఇవన్నీ మొయ్యడానికి ఇత్తడి కడ్డీ, ఆ కడ్డీ ఎవరికీ కనపడకుండా పైన చెక్క పెట్టె. కనపడని కడ్డీ ఇత్తడిదే ఎందుకు కావాలని కోడలు అడిగితే, నాణ్యత అనేది కంటికి కాదు, మనసుకి కనపడాలని సెలవిచ్చారు.

కాగితం అడుగున ఉన్న అంకెను ఆఫీసరుగారు ముందు ఫోన్ నంబరనుకుని డయల్ చేశారని వినికిడి. అది అయిదు నెలల జీతం. అప్పు చెయ్యడంలో ఆయన వెనకాడలేదు. మర్యాద ఊరికే వస్తుందా?

కర్టెన్ తగిలించిన రోజు నన్నూ పిలిచారు. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు సలహాదారు అసలు సంగతి చెప్పారు. కుచ్చులు ఇస్త్రీ చేసి ఒక పద్ధతిలో నిలబెట్టినవి, కాబట్టి కర్టెన్‌ను జరపకూడదు. జరిపితే గ్యారంటీ పోతుంది.

"మరి బయటికి చూడాలంటే ఎలా నాయనా?" అని మామ్మగారు అడిగారు.

"ఇంక మీరు బయటికెందుకండీ చూడ్డం? దీన్నే చూడండి" అన్నారు సలహాదారు, ఎంతో దయగా.

ఆవిడ చూశారు. గుడ్డ మీద పువ్వులు నూట పద్నాలుగని రెండో రోజుకే లెక్క తేలింది. తర్వాత చూడ్డానికేమీ మిగల్లేదు.

ఇక మా వీధి అభివృద్ధి గురించి. మొదటి వారంలో మూడు పార్సిళ్ళు పోయాయి. రెండో వారంలో ఎనిమిదో నంబరువారి గ్యాస్ బండ పద్దెనిమిదో నంబరులో దిగి అక్కడే స్థిరపడింది. మూడో వారంలో ఒక అపరిచితుడు మా వీధి డాక్టరుగారి స్కూటర్ స్టార్ట్ చేసి, నన్ను చూసి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేనూ ఊపాను. వీధి సంఘం వాచ్‌మన్‌ను పెట్టింది. అతను టీ తాగి వచ్చేలోగా అతని కుర్చీ పోయింది.

అత్యవసర సమావేశం పదమూడో నంబరు ముందుగదిలోనే జరిగింది, కర్టెన్ అందరూ చూసినట్టూ ఉంటుందని. ఎనిమిది కెమెరాలు పెట్టాలని అధ్యక్షులవారు ప్రతిపాదించారు. ఇంటికింత అని చందా కూడా తేల్చారు. అప్పుడు మామ్మగారు తన కుర్చీలోంచి అన్నారు.

"ఆ గుడ్డ ఓ మూరెడు పక్కకి జరపండి. కెమెరాలూ వద్దు, చందాలూ వద్దు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకర్రా?"

అందరం ఆప్యాయంగా నవ్వాం. పెద్దావిడ, పాతకాలం మనిషి అనుకున్నాం. ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అయినా కెమెరాలకే చెయ్యెత్తాను. కర్టెన్ ఖరీదు అప్పుడే ఆఫీసరుగారు నా చెవిలో చెప్పారు. అంత ఖరీదైన వస్తువు ఎదుట నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కెమెరాలు వచ్చాక ఒక చిక్కు వచ్చింది. వాటిని రోజంతా ఎవరు చూస్తారు? వీధిలో ప్రతి మొహమూ తెలిసి ఉండాలి, ఎక్కడికీ కదలకూడదు, జీతం అడగకూడదు. అలాంటివారు వీధి మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఏకగ్రీవ తీర్మానంతో మామ్మగారిని గౌరవ పర్యవేక్షకురాలిగా నియమించి, ఆవిడ కుర్చీ ఎదుట, కర్టెన్‌కి ఆనించకుండా జాగ్రత్తగా, అడుగు వెడల్పు టీవీ తెర ఒకటి బిగించారు. ఇప్పుడు ఆవిడ నాలుగడుగుల దూరంలో ఉన్న వీధిని ఎనిమిది ముక్కలుగా, రంగుల్లేకుండా, చీమలంత మనుషులతో చూస్తున్నారు. గుండీలు కనపడవు. కేకేస్తే వినపడాలంటే మైకు పెట్టాలి, దానికి వేరే చందా.

నిన్న పలకరించడానికి వెళ్ళాను. మామ్మగారు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగారు.

"బాబూ, ఇవాళ ఎండ కాసిందా, మబ్బేసిందా? దీంట్లో తెలియట్లేదు."

కర్టెన్ నా మోచేతికి అందేంత దగ్గర్లో ఉంది. చెయ్యి అటు వెళ్ళబోయింది కూడా. వెనక ఆఫీసరుగారు దగ్గారు. నేను జేబులోంచి ఫోన్ తీసి, చూసి, ఎండ బాగా కాస్తోందని చెప్పాను. మంచిదేలే అని ఆవిడ తల ఊపారు. సెలవు తీసుకుని గుమ్మం దిగి నాలుగడుగులు వేసేసరికి జల్లులో నా చొక్కా తడిసిపోయింది.