కుట్టుమిషను చరిత్ర మాయమైన కేసు

"నార్మా, ఇక నువ్వు కంగారు పడక్కర్లేదు. అయోవా రాష్ట్రంలోకెల్లా పదునైన బుర్ర నీ కేసు చేపట్టింది," అన్నాడు వెండెల్ ప్రోష్, భూతద్దాన్ని స్వెట్టర్ అంచుతో తుడుస్తూ.

ఆ బుర్ర కిందటి వారం జామెట్రీ పరీక్షలో సొంత పేరు రాయడం మరిచిపోయింది. పక్క బెంచీలో కూర్చునే నార్మా యెస్కీకి ఆ సంగతి తెలుసు. కానీ వాదించే ఓపిక లేదు. కిటికీ కింది అరలో వరుసగా పేర్చిన బూట్ల డబ్బాల్లో తనది లేదు.

మిస్ హాగర్టీ ఇంగ్లీషు క్లాసులో ఆఖరి ఏడాది పిల్లలందరికీ ఒకటే శిక్ష. ఒక విషయం ఎంచుకోవాలి. లైబ్రరీలో చదివిందల్లా చిన్న అట్టకార్డుల మీద సిరాతో రాయాలి. వంద కార్డులకు తగ్గకుండా బూట్ల డబ్బాలో పెట్టి అప్పజెప్పాలి. శుక్రవారం మూడు గంటల బెల్లు గడువు. డబ్బా ఇవ్వకపోతే ఇంగ్లీషు తప్పినట్టే, ఇంగ్లీషు తప్పితే జూన్‌లో పట్టా లేదు. నార్మా రెండు నెలలు కూర్చుని కుట్టుమిషను చరిత్ర మీద నూట పన్నెండు కార్డులు రాసింది. పట్టా పుచ్చుకునే రోజుకని వాళ్ళమ్మ అప్పుడే తెల్ల గౌనుకి చేతులు కూడా అతికేసింది.

ఇప్పుడు శుక్రవారం రెండుంబావు.

"టీచర్‌కి చెప్పేస్తాను," అంది నార్మా.

"చెబితే దొంగ జాగ్రత్త పడతాడు."

"కుట్టుమిషను కార్డులు ఎవడికి కావాలి, వెండెల్?"

"ఆ ప్రశ్న మాస్కోలో గూఢచారుల్ని అడుగు," అని వెండెల్ అర కిందకి దూరాడు. దూరుతూ బోర్డు పక్కనున్న సుద్దముక్కల డబ్బా తన్నేశాడు. ముక్కలన్నీ తొక్కుకుంటూ వెనక్కి పాకి, తెల్లటి బూట్లతో లేచి నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం ముక్క ఉంది. గొంతు తగ్గించి చదివాడు.

"మార్కస్, పెట్టెలు. లివియా, జిగురు. క్వింటస్, దుప్పట్లు. శుక్రవారానికి గోడ పూర్తి కావాలి." కళ్ళు చిన్నవి చేశాడు. "ఈ బళ్ళో క్వింటస్ అనేవాడు లేడు. విదేశీ ముఠా."

"లాటిన్ క్లాసు పిల్లలు. ఇవాళ వాళ్ళ రోమన్ విందు. దుప్పట్లు కట్టుకుని ద్రాక్షపళ్ళు తింటారు."

"అలా అని నమ్మించారు నిన్ను."

"అందరికీ క్లాసులో ఆ భాష పేర్లే పెడతారు. స్పానిష్ క్లాసులో రెండేళ్ళ నుంచి నా పేరు కన్సూయెలో."

వెండెల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"అడగలేదు కనక. ఏదో ఒక భాష తీసుకుని ఉంటే నీకూ తెలిసేది. నువ్వేమో వడ్రంగం తీసుకున్నావు."

అతను ఆ మాట వినలేదు. భూతద్దం నేలవైపు తిప్పాడు. సుద్దపొడితో తెల్లటి పాదముద్ర ఒకటి స్పష్టంగా కనిపించింది. దాని ముందు ఇంకొకటి. వాటి మీంచి చూపు తిప్పకుండా వెనక్కి రెండడుగులు వేశాడు. ఇంకో రెండు ముద్రలు తేలాయి.

"నార్మా, ఇవి మనవైపే వస్తున్నాయి."

"వెండెల్, అవి..."

"మాట్లాడకు. వాడి దమ్ము చూస్తున్నావా? మన కళ్ళముందే నడుస్తున్నాడు."

అలా వంగి, భూతద్దం పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటాడు. వరండాలో ముద్రలు వేగం పెంచాయి, ఎందుకంటే వెండెల్ పెంచాడు. నార్మా గోడ గడియారం చూసుకుంది. రెండు నలభై. వెంట నడిచింది. ఇతన్ని ఒంటరిగా వదిలితే ఇంకేం తన్నేస్తాడో తెలియదు.

లాటిన్ గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల దుప్పట్లు చుట్టుకున్న పిల్లలు ద్రాక్షగుత్తులు సర్దుతున్నారు. మధ్యలో లాటిన్ మాస్టారు మిస్టర్ ఐన్స్‌లీ గర్వంగా చూసుకుంటున్న కొలోసియం, రోమన్ల గుండ్రటి క్రీడాశాల నమూనా, ఉంది. ఊళ్ళో ఒకటే చెప్పుల కొట్టు కాబట్టి, అందులో వాడినవన్నీ ఒకేలాంటి బూట్ల డబ్బాలు. గోధుమరంగు కాగితం అతికించి, ఛాతీ ఎత్తున కట్టారు.

"వెండెల్, ఆగు," అంది నార్మా.

"ఆగేది లేదు. దొరికిపోయాడు," అంటూ వెండెల్ రోమన్ కట్టడం మీదకి వెనక్కి నిండుగా పడ్డాడు.

కొలోసియం నెమ్మదిగా, మర్యాదగా కూలింది. ఒక పునాది డబ్బా పగిలి గదంతా కార్డులు ఎగిరాయి. ఒకటి వచ్చి నార్మా బూటు మీద వాలింది. 'సూది బెజ్జం కొనకి మార్చిన వైనం' అని ఉంది దాని మీద. నీలం సిరా. తన అక్షరాలు.

"కేసు తేలిపోయింది," అన్నాడు వెండెల్ శిథిలాల్లోంచి. "ఇక దొంగెవరో చెప్పాలి మీరు."

లివియా అనే పేరున్న పిల్ల దుప్పటి సవరించుకుంది. "దొంగేమిటి? ఖాళీ డబ్బాలుంటే ఇమ్మని మొన్న అడిగితే, నాదుంది తీసుకోమని ఇంగ్లీషు గది అరలోంచి తీసిచ్చింది నువ్వే కదా, వెండెల్."

వెండెల్ భూతద్దాన్ని మళ్ళీ స్వెట్టర్ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"బరువుగా ఉందని కూడా చెప్పాను," అంది లివియా. "మంచి అట్ట అన్నావు."

నార్మా అతని వైపు చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కార్డులు ఏరింది. రోమన్లంతా ఏరిపెట్టారు. మిస్టర్ ఐన్స్‌లీ కూడా పెద్ద నిట్టూర్పు విడిచి ఏరారు. నూట పన్నెండో కార్డు ద్రాక్షగిన్నెలో దొరికింది. మూడుకి రెండు నిమిషాలుండగా నార్మా మిస్ హాగర్టీ బల్ల మీద డబ్బా పెట్టింది.

"ఎక్కడెక్కడో తిరిగొచ్చినట్టుంది నీ డబ్బా," అన్నారు మిస్ హాగర్టీ, మూతకి అంటుకున్న జిగురు గీకుతూ. "నీదేది నాయనా, వెండెల్?"

వెండెల్ అరలోంచి తన డబ్బా తెచ్చి, ఠీవిగా మూత తీశాడు. అందులో ఒకే కార్డు ఉంది. 'నేర పరిశోధనలో జాగ్రత్త' అని శీర్షిక రాసి ఉంది. కింద ఏమీ లేదు.

బెల్లు మోగింది.

వెండెల్ డబ్బా అడుగు తట్టి చూశాడు. నార్మా వైపు వంగి, గొంతు తగ్గించాడు. "నా తొంభై తొమ్మిది కార్డులు ఎవడో కాజేశాడు. ఇది మామూలు కేసు కాదు."

నార్మా సంచీలోంచి చిన్న అద్దం తీసి అతని ముందు పెట్టింది.

వెండెల్ భూతద్దం ఎత్తి, అద్దంలోకి శ్రద్ధగా పరిశీలించాడు.

"వీణ్ణి ఎక్కడో చూశాను," అన్నాడు.