పద్నాలుగు తెల్ల మాత్రల మహాసమరము

ఓ రోగులారా, రోగుల బంధువులారా, వరండాలో కుర్చీ దొరకని సమస్త జనులారా, ఆలకింపుడు! ఉదయము పది గంటల పది నిమిషములకు, ఫినాయిల్‌పరిమళభరితమై, టోకెన్‌హస్త జనసంకులమై, కిర్రుమను ఏకైక పంకాచే వీజితమైన ఔషధపరిశోధనాశాలలో ఈ ఘోరసమరము సంభవించెను.

కత్తెరాయుధపాణియు, నలువదేండ్లుగా ఊరివారి నడుముకొలతల రహస్యములను కడుపులో దాచుకొన్న గంభీరుడును అగు టైలరు తాత, వేళ్ల కణుపులు వాచి సూదిలో దారమెక్కింపలేక, కీళ్లనొప్పుల కొత్తమందును పరీక్షించు యజ్ఞమునకు తన దేహమునొప్పగించి నేటికి పదునాలుగు దినములు. మందు పనిచేసినచో మిషను తొక్కును. చేయనిచో దుకాణము మూయును. ఇంతే సంగతి.

యజ్ఞారంభమున ఇరువది రెండు పుటల అంగీకారపత్రారణ్యమును ఆయనపైకి వదలిరి. అందు ‘ప్లాసిబో’ పొంచియుండెను, ‘డబుల్ బ్లైండ్’ గాండ్రించెను. పన్నెండవ పుటలో ‘రెస్క్యూ మెడికేషన్ యథావసరముగా అనుమతింపబడును’ అని యుండెను. నర్సమ్మ కొత్తమందుతోపాటు వేరుగా ఒక తెల్ల మాత్రల డబ్బానిచ్చి, “ఇదే రెస్క్యూ మెడికేషన్ తాతగారూ. మిగిలినవి తిరిగి తెచ్చివ్వండి” అనెను. అర్థమైనదా అని ఎవ్వరును అడుగలేదు గాని, అర్థమైనదని ప్రతి పుటలోను సంతకము చేయించుకొనిరి.

మిగిలినవి తిరిగి ఇచ్చుటయా! జానెడు గుడ్డ మిగిలినను మడతపెట్టి, ఇచ్చినవారికే అప్పగించిన చేయి అది. ఎంత మిగిల్చిన అంత పరువు. కావున ఆ వీరుడు పదునాలుగు దినములు పళ్లు బిగబట్టి నొప్పిని భరించెను. “ఏమండీ, ఆ తెల్ల మాత్ర ఒకటి వేసుకోవచ్చు కదా!” అని ఇల్లాలు బతిమాలినను, “పరాయి సొత్తు, ముట్టుకోకూడదు” అని త్రోసిపుచ్చెను.

నేడు కళ్లద్దాల కుర్ర డాక్టరు డబ్బా విప్పి, మాత్రలు లెక్కించి, కుర్చీనుండి ఎగిరి లేచెను.

“పద్నాలుగుకి పద్నాలుగూ ఉన్నాయి! రెస్క్యూ వాడకం సున్నా! అంటే నొప్పే రాలేదు! సిస్టర్, మన మందు అదిరిపోయింది!”

నొప్పి ఉన్నదా అని అడుగవలసిన గడి తరువాతి పుటలో నుండెను. దాని వంతు ఇంకను రాలేదు. డాక్టరు సున్న చుట్టబోవుచుండగా, తాత ఒళ్లు మండి, ఉగ్రనేత్రుడై గర్జించెను:

“ఆగండి డాక్టరు గారూ! పొద్దున నా చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టింది. ఆ సున్నా మీ మందు గొప్పతనం కాదు, నా ఓపిక! మిగిలినవి తెమ్మన్నారు, తెచ్చాను. ఎప్పుడు వేసుకోవాలో చెప్పారా?”

“పన్నెండో పేజీలో క్లియర్‌గా ఉంది కదండీ...”

“నేను కొలత చదివి వినిపించి, వాళ్లు ఔనంటేనే కత్తెర పెడతాను. మీరూ చదివి చెప్పండి. మామూలు మాటల్లో.”

డాక్టరు తొలి అస్త్రము సంధించెను: “బ్రేక్‌త్రూ పెయిన్ వస్తే, పీఆర్‌ఎన్ బేసిస్ మీద...”

తాత జేబులోని సుద్దముక్క తీసి, ఆ పుటపై అడ్డగీత గీసెను.

“అంటే, ప్రోటోకాల్ ప్రకారం, కాంకామిటెంట్‌గా...”

రెండవ గీత పడెను. నర్సమ్మ నవ్వాపుకొనలేక గోడవైపు తిరిగెను. స్వేదబిందుసిక్తలలాటుడైన డాక్టరు కళ్లద్దాలు తుడుచుకొని, ఆయుధములన్నియు క్రింద పెట్టెను.

“నొప్పి ఓర్చుకోలేకపోతే ఒకటి వేసుకోండి. వేసుకుంటే రాసిపెట్టండి. అంతే.”

“ఈ ముక్కకి ఇరవై రెండు పేజీలా?”

తాత వేలు చూపిన చోట డాక్టరు, ‘మాత్రలు వాడలేదు. నొప్పి ఉంది. ఎప్పుడు వాడాలో మేము చెప్పలేదు’ అని స్వహస్తములతో లిఖించెను.

విజేత తిరిగి పొందిన డబ్బాతో వరండాకు రాగా ఇల్లాలు ఎదురువచ్చెను.

“ఏమన్నారండీ?”

“నొప్పి వస్తే వేసుకోవచ్చట.”

“నేను పద్నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నది అదే కదండీ!”

ఈ పరిశోధనాఫలితము మాత్రము ఏ పుటలోను నమోదు కాలేదు. తాత ఆమె అందించిన నీళ్లతో ఒక మాత్ర మింగెను. జయము! జయము! డబ్బాలో ఇక పదమూడే!