పటకారు డాక్టరు రహస్య పఠనం

పటకారు డాక్టరుకు పన్ను పీకడమంటే ఎంత సరదానో, పీకించుకోవడమంటే అంత హడలు. పదిహేనేళ్ళ ప్రాక్టీసులో ఆ సంగతి పురుగుక్కూడా తెలియనివ్వలేదు. అలాంటిది, మూడు వారాల క్రితం ఆయన ఎడమ దవడలో జ్ఞానదంతం సలపడం మొదలుపెట్టింది. దానివల్ల జ్ఞానం వచ్చిందో లేదో గానీ మనశ్శాంతి మాత్రం పోయింది.

"ఏమండీ, కుడి పక్కే నములుతున్నారేం?" అంది భార్య. కింద ఆస్పత్రిలో పేషెంట్లకు చీటీలిచ్చేదీ ఆవిడే, పైన ఇంట్లో ఈయన్ని కనిపెట్టి ఉండేదీ ఆవిడే.

"ఎడమ పక్కకి విశ్రాంతిస్తున్నానోయ్. వైద్యంలో కొత్త పద్ధతి."

"పద్ధతి బాగానే ఉంది. బుగ్గే బంతిలా ఉంది."

ఆయన నీళ్ళు నములుతూ వెళ్ళి స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. అక్కడ కూర్చుని ఫోనులో రోజూ చదువుకునే వ్యాసం ఒకటుంది. 'పన్ను పీకించుకోవాలంటే వణుకా? ధైర్యానికి ఏడు ఉపాయాలు'. ఇప్పటికి పందొమ్మిది సార్లు చదివాడు. ప్రతిసారీ రెండో ఉపాయం దగ్గర సూది బొమ్మ కనపడగానే కళ్ళు మూసుకునేవాడు. అందుకని మిగతా ఐదు ఉపాయాలూ ఏమిటో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ ఉదయం చదవడం అయ్యాక, ఆస్పత్రి పేరుతో భార్య నడిపే పేజీని ఊరికే తెరిచి చూశాడు. అన్నిటికన్నా పైన ఇలా ఉంది: "డాక్టరుగారు ఇప్పుడే చదివారు: పన్ను పీకించుకోవాలంటే వణుకా?" పక్కన చిన్న తాళం బొమ్మ.

ఎప్పుడో ఆ వ్యాసాల యాప్ "మీరు చదివేవన్నీ మీ పేజీలో అందరికీ చెప్పమంటారా?" అని అడిగితే, ఏమడిగిందో చూడకుండా "సరే" నొక్కిన ఫలితం ఇది. ఆ పేజీలో మూడొందల మంది పేషెంట్లున్నారు. సూదంటే వణికే డాక్టరు దగ్గర ఎవడు నోరు తెరుస్తాడు? తాళం బొమ్మ చూస్తే, ఇక ఆస్పత్రికి తాళమే అని చెబుతున్నట్టు అనిపించింది.

చెరిపేద్దామని కనపడిందల్లా నొక్కాడు. "మళ్ళీ చెప్పమంటారా?" అని అడిగింది ఫోను. అప్పుడే ఆయనకో ఉపాయం తట్టింది, ఎనిమిదోది. పెద్దమనిషి తరహా వ్యాసాలు బోలెడు తెరిచేస్తే ఇది అడుక్కి వెళ్ళిపోతుంది కదా! గ్రహణాలు, వంతెనల నిర్మాణం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది, నలభై తెరిచాడు.

"ఏమండీ, స్నానమా, సన్యాసమా?" బయట నుంచి భార్య.

"వస్తున్నానోయ్!"

పేజీ చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. "తేనెటీగల పెంపకం: మూడు సెకన్లు చదివారు. వంతెనల నిర్మాణం: రెండు సెకన్లు చదివారు." వాటన్నిటి నెత్తిన కొత్తగా ఇంకో ముక్క: "డాక్టరుగారికి అత్యంత ఇష్టమైన వ్యాసం: పన్ను పీకించుకోవాలంటే వణుకా? ఇరవై సార్లు, మొత్తం ఆరు గంటలు."

తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగాడు. వరండాలో బల్లల నిండా జనం. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒక టీచరమ్మ ఫోను చూసి ముసిముసిగా నవ్వుతోంది. ఆయన తల వంచుకుని లోపలికి దూరాడు.

మొదటి చీటీ దర్జీది. కుర్చీలో కూర్చుని, "భయమేస్తోందండీ," అన్నాడు.

"ఎవరికయ్యా?" ఉలిక్కిపడ్డాడు డాక్టరు.

"నాకేనండీ. మా భయం మీకేం తెలుస్తుంది లెండి."

ఇది ఎత్తిపొడుపు కాక మరేమిటి? అంతలో వరండాలో ఒక ముసలాయన లేచి గేటువైపు నడవడం కిటికీలోంచి కనపడింది. అయిపోయింది, పేషెంట్లు వెళ్ళిపోతున్నారు! ఇంకో గంటలో ఆస్పత్రి ఖాళీ.

ఒక్క ఉదుటున వరండాలోకి వచ్చాడు. "ఆగండి! అవును, నాకు భయమే! పన్ను పీకించుకోవాలంటే చచ్చేంత భయం! ఇరవై సార్లు చదివాను. అందరూ మన పేజీలో చూశారుగా, ఇంకా దాపరికమెందుకు!"

ముసలాయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

"కారు అడ్డంగా ఉందన్నారు, తీద్దామని వెళ్తున్నా బాబూ."

"ఏం చదివారండీ?" అంది టీచరమ్మ. "నేను మా మనవడి ఫొటోలు చూసుకుంటున్నాను."

అందరూ ఆత్రంగా పేజీ తెరిచారు. అందులో పళ్ళు ఎలా తోముకోవాలో తప్ప ఇంకేమీ లేదు.

భార్య చీటీల బల్ల దగ్గర నుంచి తాపీగా లేచి వచ్చింది. "మీరు మొదటిసారి చదివిన రోజే 'బయటికి కనపడకూడదు' అని మార్చేశానండీ. ఆ తాళం బొమ్మకి అర్థం అదే. మనిద్దరం తప్ప ఎవరూ చూడలేరు."

పదిహేనేళ్ళు దాచిన రహస్యం మూడొందల మందికి తెలియకుండా ఆవిడ కాపాడితే, డాక్టరు తన నోటితో తనే చాటింపు వేసుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ అంతట మీరే చెబుతారని చూశాను. రోజూ ఆ గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంటే కడుపు తరుక్కుపోయింది. అందుకే ఇవాళ ఈ అమ్మాయిని పిలిచాను."

బల్ల చివర్న సంచీతో కూర్చున్నావిడ లేచి నమస్కారం పెట్టింది. ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు పక్క వీధిలో ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరమ్మ.

దర్జీ లోపల కుర్చీలోంచి చెంగున దిగి వచ్చాడు. "ముందు మీరే కానివ్వండి డాక్టరుగారూ. నాకేం తొందర లేదు."

పారిపోదామంటే గేటుకి కారు అడ్డం. ఆయన వెళ్ళి కుర్చీలో వాలాడు. భార్య తలుపు వేసి వచ్చి చేయి పట్టుకుంది. డాక్టరమ్మ ఇలా సంచీ తెరిచిందో లేదో, "అమ్మో!" అని ఒక్క కేక.

"అయిపోయిందాండీ?" బయట నుంచి దర్జీ గొంతు.

"నేనింకా లైటే వేయలేదు," అంది డాక్టరమ్మ.

వరండా గొల్లుమంది. డాక్టరు సిగ్గుతో చచ్చిపోతూ భార్య చెవిలో, "కాస్త ఆ తలుపైనా వేసి ఉండాల్సింది," అన్నాడు.

"వేసే ఉందండీ."