చెవిలో తుమ్మెద

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను అరగంట. కుళాయి కారినా, గడియారం ఆగినా, తలుపు బిగుసుకున్నా చొక్కా చేతులు పైకి మడిచి "ఎంతసేపు? అరగంట పని" అనేవాడు. ఆ తరవాత ఆ కుళాయి సంగతీ గడియారం సంగతీ ఇంటివాళ్ళు మర్యాదకొద్దీ ఎత్తేవారు కాదు. నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం పొట్టకోసం చేసేవాడు, రిపేర్లు మాత్రం మనసుపడి చేసేవాడు.

ఆ శుక్రవారం ఉదయం పని నిజంగానే చిన్నది. కంప్యూటర్లో కొత్త సౌండు కార్డు బిగించాలి, అంతే. దాని వెనక ఉన్న ఆశ మాత్రం చిన్నది కాదు. అతని భార్య పసిపిల్లల బడిలో పనిచేసేది. పిల్లలు ఆమెను కథల టీచరనేవారు. బడి మూతపడ్డాక ఆమె ఇంట్లో గోడలకు కథలు చెప్పుకోవలసి వచ్చింది. ఈమధ్య పిల్లల కథలు రికార్డు చేసే కంపెనీ ఒకటి నమూనా అడిగితే, చదివి పంపింది. అక్కడి మేడమ్ ఫోన్ చేసింది.

"మీ గొంతు చాలా బాగుందండీ. కానీ వెనకాల ఎక్కడో తుమ్మెద బుయ్యిమంటోంది. అది లేకుండా ఇంకోసారి పంపండి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటితే మాత్రం నా చేతుల్లో ఉండదు."

తుమ్మెద కంప్యూటర్లోని పాత సౌండు కార్డులోనే ఉందని అరగంట క్షణంలో తేల్చేశాడు. ఆఫీసుకు సెలవు పెట్టి, కార్డు కొనుక్కొచ్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, పోనీ ఎవరైనా తెలిసినవాళ్ళని పిలుద్దామా?" అంది భార్య.

"నేనుండగా ఇంకా తెలిసినవాళ్ళెందుకు? అరగంట పని. ఈలోపు నువ్వు కథ ఓసారి చూసుకో."

"అల్లుడుగారూ, ఆ చేత్తోనే నా చెవి కూడా చూడండి" అంది అత్తగారు, చుక్కలు వేసుకుని తల ఒక పక్కకి వాల్చి. ఏడాదిగా ఆవిడ చెవిలో ఏదో మోగుతోంది. డాక్టరు చుక్కలిచ్చాడు, పక్కింటావిడ చిట్కాలిచ్చింది, మోత మాత్రం తగ్గలేదు. పెద్దకూతురింటికి వెళితే మాయమయ్యేది, ఇక్కడ గుమ్మంలో కాలుపెట్టగానే మొదలయ్యేది. అందుకే అది జబ్బు కాదనీ, తనమీద కోపమనీ అరగంట అభిప్రాయం.

కార్డుతోపాటు వచ్చిన కాగితాన్ని అతను విప్పకుండానే చెత్తబుట్టలో వేశాడు. కాగితం చూసి పనిచేసేవాడు పనివాడే కాదని అతని సిద్ధాంతం. కార్డు బిగించి కంప్యూటర్ ఆన్ చేయగానే కార్డుమీద ఎర్రదీపం వెలిగింది. సిద్ధాంతం పక్కనపెట్టి కాగితం వెతికి తెచ్చుకున్నాడు. కార్డుకు విడిగా పవర్ కేబుల్ కూడా తగిలించాలని అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు.

కంప్యూటర్ పెట్టెలో ఉన్న పవర్ తీగలన్నీ దేని పనిలో అవి ఉన్నాయి. ఒకటి హార్డ్ డిస్కుకి, ఒకటి సీడీ డ్రైవుకి, ఒకటి వెనక ఫ్యానుకి. మిగిలినది లేదు.

"ఈ రోజుల్లో సీడీలు చూసేదెవడు?" అని డ్రైవు కేబుల్ ఊడదీసి కార్డుకు తగిలించాడు. పచ్చదీపం వెలిగింది. "చూశావా!" అన్నాడు భార్యతో. ఆమె మొహం వికసించింది. మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంది.

అప్పుడే పైవాటా మాస్టారు తలుపు కొట్టాడు.

"అరగంటా, నిన్న నీ కంప్యూటర్లో చూద్దామని పెట్టాం కదా, నా మోకాలి స్కానింగు సీడీ. అదివ్వు. పన్నెండున్నరకి డాక్టరు దగ్గరుండాలి."

డ్రైవు మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కరెంటు లేని డ్రైవు నోరు తెరవదుగా! చాకుమొనతో ఎత్తబోయాడు. మాస్టారు కంగారుపడ్డాడు.

"ఏమయ్యా, మోకాలు నాకెలాగూ వంగడం లేదు. కనీసం దాని బొమ్మైనా విరక్కుండా ఇవ్వవయ్యా!"

"కంగారుపడకండి మాస్టారూ. ఈ ఫ్యాను కేబుల్ డ్రైవుకిస్తే సరి" అంటూ అరగంట పట్టి లాగాడు. కేబుల్ వచ్చింది. దాంతోపాటు ఫ్యానుకున్న తీగ కూడా తెగి చేతికొచ్చింది. ఆ ముక్కని ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు.

డ్రైవు తెరుచుకుంది, మాస్టారి మోకాలు బయటపడింది. ఇంకా టైముందిగా అని అతనూ కథ వినడానికి ఆగాడు. భార్య కథ మొదలుపెట్టింది. నక్క పొలం గట్టుదాకా వచ్చేసరికి, అసలే బల్ల అరలో ఇరుకుగా ఉన్న కంప్యూటరు వేడెక్కి టప్పున ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. కాస్త గాలాడాలి" అని అరగంట పరుగున వెళ్ళి అత్తగారి గదిలోని టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చాడు. దాని వెనకే ఆవిడ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఫ్యాను ఎక్కడుంటే నేనూ అక్కడే, అల్లుడుగారూ. ఈ ఉక్కలో నన్నొక్కదాన్నీ వదిలేస్తారా?"

"అమ్మా, మాట్లాడకుండా కూర్చోవాలి మరి" అంది కూతురు. గడియారం పదకొండు దాటి చాలాసేపయింది. ఆమె కథ కాగితాలు మళ్ళీ మొదటికి తిప్పడం అరగంట చూశాడు.

ఆవిడ బల్ల పక్కన కూర్చోగానే చెవి పట్టుకుని "అబ్బబ్బ, ఇక్కడ మోత ఇంకా ఎక్కువైపోయిందే! కాపడం పెట్టుకోకపోతే లాభం లేదు" అంటూ నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్ తెచ్చుకుంది. "దీన్ని ఎక్కడ పెట్టను?"

"ఇక్కడ పెట్టండి" అని అరగంట బల్లకిందున్న స్టెబిలైజరు చూపించాడు. పోయినేడాది అది చచ్చిపోతే కొత్తది కొనమని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నా వినకుండా తనే విప్పి బతికించాడు. కంప్యూటరూ టేబుల్ ఫ్యానూ దాంట్లోనే ఉన్నాయి. "నా చేతిపని అది. ఏనుగును కట్టినా లాగుతుంది."

ఏనుగు సంగతి తెలీదు గానీ, కెటిల్‌ను మాత్రం లాగలేకపోయింది. స్విచ్చి వేయగానే ఢామ్మంది. పొగ వచ్చింది. ఫ్యాను ఆగింది, కంప్యూటరు ఆగింది. మాస్టారు సీడీ కవరు గుండెలకు హత్తుకుని తలుపు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

భార్య తిట్టినా బావుండుననిపించింది అరగంటకి. ఆమె కథ కాగితాలు నెమ్మదిగా మడుస్తుంటే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను క్షమించు. తెలీని పని తెలుసన్నాను. ఫ్యాను తీగ కూడా నేనే తెంపాను" అని జేబులో ముక్క తీసి బల్లమీద పెట్టాడు.

అప్పుడు అత్తగారు కుర్చీలోంచి చటుక్కున లేచింది. "ఒసే అమ్మాయీ! నా చెవిలో మోత పోయిందే! చుక్కలు పనిచేశాయే!"

అందరూ ఆవిడకేసి చూశారు. గదిలో ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు. అరగంట మెల్లగా బల్లకిందికి వంగి, పొగలు కక్కే తన చేతిపనికేసి చూశాడు. ఏడాదిగా బుయ్యిమని మోగుతూ, విని విని అందరికీ అలవాటైపోయిన తుమ్మెద అక్కడ చచ్చిపడి ఉంది.

"నీ రికార్డులోదీ ఇదే. అత్తయ్యగారి చెవిలోదీ ఇదే" అన్నాడు నీరసంగా.

"అయితే ఇంకా నిలబడతారేం? గోడ ప్లగ్గులో పెట్టండి!" అంది భార్య.

కంప్యూటరు గోడ ప్లగ్గులోంచి చక్కగా లేచింది. కొత్త కార్డు మాత్రం ఆ దెబ్బకి మళ్ళీ కన్ను తెరవలేదు. మైకు పాత సౌండు కార్డుకే తగిలించారు. టేబుల్ ఫ్యాను పెడితే చప్పుడు పడుతుంది కాబట్టి, పెట్టె పక్కరేకు విప్పి మాస్టారు సీడీ కవరుతో విసరడం మొదలుపెట్టాడు. అత్తగారు అవసరం లేకపోయినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కథల టీచరు చదివింది. నక్క గట్టు దాటింది, పొలమూ దాటింది, గొంతు ఎక్కడా తడబడలేదు. పన్నెండు కొట్టకముందే కథ కంపెనీకి చేరింది.

మాస్టారు మోకాలు తీసుకుని వెళ్ళిన కాసేపటికి ఫోన్ మోగింది. "అద్భుతంగా ఉందండీ. సోమవారం నుంచి మొదలుపెడదాం. ఇంతకీ ఆ తుమ్మెదని ఎలా పట్టుకున్నారు?"

ఆమె భర్తకేసి చూసింది. అతను తల దించుకున్నాడు.

"మావారు పట్టుకున్నారండీ" అంది నవ్వు ఆపుకుంటూ. "అరగంట పని."

ఆ మాటకి అరగంట ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి చొక్కా చేతులు పైకి మడిచి, బల్లకిందినుంచి స్టెబిలైజరు బయటికి లాగి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. అది చూసిన అత్తగారు, ఇక అక్కర్లేదని మధ్యాహ్నం పారేసిన చెవి చుక్కల సీసాని చెత్తబుట్టలోంచి తీసి, తుడిచి, అలమరలో జాగ్రత్తగా పెట్టుకుంది.