తలుపు వెనక నాలుగు నిమిషాలు

హొరేస్ డగ్డేల్ పేరు వింటే చాలు, సెడ్రిక్ హెప్‌వర్త్‌కి తాగుతున్న టీ చేదెక్కేది. మార్‌థోర్ప్‌లో డగ్డేల్‌కి మాంసం కూరి కాల్చిన పైలు అమ్మే కొట్టుంది, ప్రార్థనాలయంలో ముందు వరస బల్ల ఉంది, అన్నిటికీ మించి ఊరి కౌన్సిల్లో సినిమాల కమిటీ పెద్దరికం ఉంది. లండన్‌లో సెన్సారు వాళ్లు ఏ బొమ్మకి ముద్ర కొట్టినా, తమ ఊళ్లో ఆడకూడదని కౌన్సిల్ అంటే ఇక ఆడదు. పన్నెండేళ్లలో డగ్డేల్ పదకొండు సినిమాలను అలా ఊరి పొలిమేరలోనే ఆపేశాడు. పదకొండూ నవ్వుల సినిమాలే. మగవాళ్ల ప్యాంట్లు జారేవి, వాళ్లు పొరపాటున పక్కగదిలోకి దూరేవి, లావుపాటి నర్సులు సన్నపాటి పేషంట్లను వెంటపడి తరిమేవి. జనం మాత్రం ఊరుకున్నారా? బస్సెక్కి ఎనిమిది మైళ్ల అవతల కెల్బీకి పోయి, పొట్ట పట్టుకుని నవ్వి, వేయించిన చేపలు తిని ఇళ్లకు చేరేవారు. ఇక్కడ ఎంప్రెస్ హాల్లో సెడ్రిక్ ఖాళీ కుర్చీలకు బొమ్మ వేసేవాడు.

పద్నాలుగో ఏట బడి మానేసి రీలు పట్టుకున్నాడతను. ఇప్పుడు యాభై ఒకటి. వేరే పని రాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఆ సంవత్సరం, అంటే డెబ్భై నాలుగులో, హాలు యజమాని తేల్చి చెప్పేశాడు. "ఆగస్టులో హాలు నిండాలి సెడ్రిక్. లేదంటే సెప్టెంబరు నుంచి బింగో జూదం ఆడిస్తా. నంబర్లు పిలవడానికి ఆపరేటరెందుకు చెప్పు?"

హాలు నింపగల బొమ్మ ఒకటే దొరికింది. 'పక్కగది బాకా'. సముద్రపు ఒడ్డున ఒక పూటకూళ్లావిడ తన ఇంటి గదులనే ఒక బాకాల బ్యాండుకీ, ఆడ డ్రిల్లు టీచర్లకీ ఇద్దరికీ అద్దెకిచ్చేస్తుంది. అంతే కథ. మిగతాదంతా తలుపులు.

కమిటీ గురువారం పొద్దున పది గంటలకు బొమ్మ చూస్తానంది. ఎనిమిదింటికల్లా సెడ్రిక్ ప్రొజెక్టర్ గదిలో కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. ఆలోచన చాలా సాదాది. ఇబ్బందిగా ఉన్న ముక్కలు తీసెయ్యాలి, కమిటీకి చూపించాలి, అనుమతి కాగితం చేతికొచ్చాక మళ్లీ అతికించుకోవాలి. మొత్తం అయిదు ముక్కలు, నాలుగు నిమిషాలు. తలుపు మూసుకోవడం ఉంచాడు, తలుపు తెరుచుకోవడం ఉంచాడు, మధ్యలోది తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. టిక్కెట్లమ్మే ఎనిడ్ టీ తెచ్చి ఆ డబ్బా వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకు. అందులో బిస్కెట్లు లేవు."

"మరేమున్నాయి నాయనా?"

"నా ఉద్యోగం."

పదింటికి కమిటీ వచ్చింది. ముందు డగ్డేల్, టోపీ తియ్యకుండా. వెనక మిస్ థ్రెల్ఫాల్, డెబ్భై నాలుగేళ్ల రిటైరైన బడిపంతులమ్మ. సెడ్రిక్‌కి భాగహారాలు నేర్పబోయి విఫలమైంది ఆవిడే. ఆఖరున పశువైద్యం మానుకున్న లంబ్ గారు. ఎద్దుల మధ్య బతికి చెవులు పోగొట్టుకున్నానని ఆయనే చెప్పుకుంటాడు.

బొమ్మ మొదలైంది. బ్యాండు మాస్టరు నిండు యూనిఫారంలో, చంకలో బాకాతో, పన్నెండో నంబరు గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఆ మరుక్షణమే తెరుచుకుంది. మాస్టరుకి ప్యాంటు లేదు. నెత్తి మీద పూలకుండీలోని మొక్క ఉంది. బాకా వంకర తిరిగిపోయింది. "ఇన్నేళ్ల అనుభవంలో ఇది నాకెవరూ నేర్పలేదమ్మా!" అంటూ కన్నీళ్లు తుడుచుకున్నాడు. లోపల్నించి డ్రిల్లు టీచరు గొంతు: "రేపు మీవాళ్లందర్నీ పంపించండి!"

మిస్ థ్రెల్ఫాల్ చేతిలో పెన్సిలు టప్పున విరిగింది.

"లోపలేం చేశారమ్మా?" అని అరిచాడు లంబ్ గారు.

ఆవిడ తన ఊహ ఆయన చెవిలో చెప్పింది. ఆయనకు వినబడేలా చెప్పాలంటే రేవులో పడవలవాళ్లకు కూడా వినబడుతుంది. హాలు చివర టీ పోస్తున్న ఎనిడ్ కప్పు వదిలేసి సాసర్లో పోసింది.

తర్వాత పూటకూళ్లావిడ డోలువాడితో సామాన్ల గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది, తెరుచుకుంది. ఇద్దరూ నిలువెల్లా కస్టర్డుతో తడిసి ఉన్నారు. ఆవిడ రొప్పుతూ, "పెద్ద గరిటె ఉండాల్సింది," అంది. ఇంకో పావుగంటకి బ్యాండు మొత్తం టోపీలు తీసి పన్నెండో నంబరు గది ముందు వరసగా నిలబడి ముక్కులు చీదుకుంటోంది. ఎందుకో ఎవరికీ తెలియదు. మిస్ థ్రెల్ఫాల్‌కి మాత్రం తెలిసినట్టే ఉంది, ఎందుకంటే లంబ్ గారి చెవిలో ఈసారి మూడు నిమిషాలు చెప్పింది. ఆయన "నలభై ఏళ్లు గుర్రాలకు వైద్యం చేశానమ్మా, అది కుదరదు!" అని కేక పెట్టాడు.

ప్రొజెక్టర్ గదిలో సెడ్రిక్‌కి ముచ్చెమటలు పోశాయి. శుభ్రం చేద్దామని కత్తెరేస్తే బొమ్మ ఇంతకు ముందెన్నడూ లేనంత బూతుగా తయారైంది.

ఈలోగా ఎనిడ్ తాను విన్నదంతా వెనక గుమ్మం దగ్గర పాలవాడికి చెప్పింది, కాస్త కస్టర్డు కలిపి. పాలవాడు వీధి పొడవునా సీసాలతో పాటు ఆ కబురూ దింపుకుంటూ పోయాడు. ఇద్దరాడవాళ్లు వచ్చి హాలు తలుపు దగ్గర నిలబడ్డారు. ఇద్దరు నిలబడ్డారు కాబట్టి మూడో మనిషి వెనక నిలబడ్డాడు. మార్‌థోర్ప్‌లో వరస కనబడితే ఎందుకని అడగడం మర్యాద కాదు, వెనక చేరడమే మర్యాద. లైట్లు వెలిగే సరికి వరస మలుపు తిరిగి చేపల కొట్టు దాటింది.

"హెప్‌వర్త్! కిందికి రా." మిస్ థ్రెల్ఫాల్ గొంతు.

ముప్ఫై ఏడేళ్లు వెనక్కి జారిపోయి, సెడ్రిక్ చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ తలుపు వెనక ఏముంది?"

"ఏమీ లేదు టీచర్."

"నీ అబద్ధం మొహం నాకు తెలీదా? రెండేళ్లు చూశాను. ఏముందీ?"

"కత్తిరించాను టీచర్."

డగ్డేల్ లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన క్షణంలా ఉంది మొహం. "విన్నారా! కమిటీకే టోకరా. బయట చూడండి, వీధంతా ఆగిపోయింది. ఈ బొమ్మ వద్దు, ఈ హాలే వద్దు. లైసెన్సు రద్దుకి నేను చెయ్యెత్తుతున్నా. లంబ్, నువ్వూ ఎత్తు."

"ఏంటీ?"

"చెయ్యి!"

లంబ్ గారు చెయ్యి ఎత్తబోయాడు. సెడ్రిక్‌కి కళ్ల ముందు బింగో బంతులు గిరగిరా తిరిగాయి.

"దించండి," అంది మిస్ థ్రెల్ఫాల్. "చూడని దాన్ని నేనెలా తప్పంటాను? పొరపాటు సమాధానానికైనా లెక్క మొత్తం చూసే మార్కులు వేశాను. హెప్‌వర్త్, తీసిన ముక్కలు తీసుకురా."

సెడ్రిక్ పరుగెత్తాడు. కంగారులో ఏది ముందో చూడకుండా అయిదు ముక్కలూ ఒకదానికొకటి అతికించి మెషీన్లో వేశాడు.

డ్రిల్లు టీచరు వ్యాయామపు స్ప్రింగు లాగుతుంటే అది జారి మాస్టరు ప్యాంటు పట్టుకుపోయింది, ఆయన పూలకుండీలో పడ్డాడు. అంతే. టీచర్ గారి చచ్చిపోయిన చిలక్కి బ్యాండువాళ్లు సంతాపం చెప్పారు. అంతే. మిస్ థ్రెల్ఫాల్ మొహం వాడిపోయింది. లంబ్ గారు "ఇంతేనా?" అన్నాడు, ఎవరో తన పైలోంచి మాంసం తీసేసినట్టు. తర్వాత సామాన్ల గది. గంగాళం ఒరిగి ఇద్దరి మీదా కస్టర్డు పడింది.

"అలా కాదు!" అని అరిచాడు డగ్డేల్. "ముందు కుక్క రావాలి! కుక్క బల్ల మీది గుడ్డ లాగితేనే కదా గంగాళం ఒరిగేది! వీడు ముక్కలు తారుమారుగా అతికించాడు, మజా అంతా పోయింది!"

అందరూ డగ్డేల్ వైపు తిరిగారు. తెర మీద ఆలస్యంగా కుక్క వచ్చింది, ఎవరూ చూడలేదు.

"హొరేస్," అంది మిస్ థ్రెల్ఫాల్ మెల్లగా, "కుక్క సంగతి నీకెలా తెలుసు?"

డగ్డేల్ మొదటిసారి టోపీ తీశాడు. "కెల్బీలో... ఒకసారి... విచారణ కోసం."

"ఒకసారేనా?"

"మూడు. మొదటిసారి నవ్వులో మాటలు వినబడలేదు."

"మూడోసారి?"

"మా ఆవిణ్ణి తీసుకెళ్లా." గొంతు తగ్గించి, "ఆవిడ నవ్వి ఎన్నేళ్లయిందో, కుక్క దగ్గర నా చెయ్యి పట్టేసుకుంది," అన్నాడు.

ఆ మనిషిని ద్వేషించడం సెడ్రిక్‌కి అలవాటైన పని. ఆ క్షణంలో మాత్రం చేతకాలేదు.

మిస్ థ్రెల్ఫాల్ విరిగిన పెన్సిల్‌తోనే కాగితం మీద రాసింది. "అనుమతి ఇద్దాం. ఒక్క షరతు. ఆ ముక్కలు మళ్లీ అతికించకూడదు. అందులో ఉన్నదానికంటే నా బుర్రలో ఉన్నది చాలా బాగుంది."

ముగ్గురూ చెయ్యెత్తారు. లంబ్ గారు రెండూ ఎత్తాడు.

మధ్యాహ్నం తలుపులు తీస్తే వరస మొత్తం లోపలికి వచ్చింది. బొమ్మ తొమ్మిది వారాలు ఆడింది. జనం బయటికొచ్చి మెట్ల మీదే తలుపు వెనక ఏం జరిగిందని పోట్లాడుకుని, తేల్చుకోవడానికి మళ్లీ టిక్కెట్టు కొన్నారు. కెల్బీవాళ్లు బస్సెక్కి ఇక్కడికే వచ్చారు. తమ ఊళ్లో అన్నీ కనబడిపోతున్నాయని వాళ్ల బాధ. శుక్రవారాలు డగ్డేల్ దంపతులు వెనక వరసలో కూర్చునేవారు. కుక్క రావలసిన చోట, కుక్క లేకపోయినా, ఇద్దరూ అందరికంటే ఒక క్షణం ముందే నవ్వేవారు. బింగో మాట యజమాని మళ్లీ ఎత్తలేదు, సెడ్రిక్ ఉద్యోగం నిలిచింది.

అక్టోబరులో బొమ్మ పంపిణీ చేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: కత్తిరించిన ఫిల్ము మూడు వందల అరవై అడుగులు, అడుగుకి పన్నెండు పెన్నీల చొప్పున ఆపరేటరు జీతంలోంచి నలభై మూడు పౌండ్ల ఇరవై పెన్నీలు పట్టుకుని పంపవలెను.