చుట్టలు కాల్చిన అల్లుడు

భార్య పుట్టినరోజుకు తన చేత్తో ఏదైనా వండిపెట్టాలని ప్రూఫ్‌రీడరు అనుకోవడంలో తప్పేమీ లేదు. పాలు కాచమంటే గిన్నె మాడ్చే మనిషి కనుక కాస్త సాహసం ఉందంతే. ఆ ఉదయం సెలవు పెట్టిన సంగతి చెప్పకుండా పేపరు చాటున కూర్చున్నాడు. భార్య పనికి బయల్దేరి మెట్లు దిగిన చప్పుడు వినబడగానే లేచి చొక్కా చేతులు మడిచాడు. మధ్యాహ్నం అత్తమామలు భోజనానికి వస్తున్నారు. భోజనం బయటినుంచి తెప్పిస్తానని ముందురోజే ఆమెకు అబద్ధం చెప్పి ఉంచాడు.

ఈ తాపత్రయానికి కారణం ఉంది. కొన్ని నెలల క్రితం అతను సిగరెట్లు మానేశాడు. ఎవరూ నమ్మలేదు. అత్తగారైతే "కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది?" అని మొహం మీదే అనేసింది. నమ్మింది భార్య ఒక్కతే. "ఆయన మానేశానంటే మానేసినట్టే. మళ్ళీ ముట్టుకుంటే నన్నడుగు" అని కన్నతల్లితో పంతానికి దిగింది. ఆమె పనిచేసేది ఛాతీ డాక్టరు దగ్గర, రిసెప్షన్లో. ఆ డాక్టరు కూడా దగ్గుతూ వచ్చిన ప్రతి మనిషికీ "మా రిసెప్షనిస్టు భర్తను చూసి నేర్చుకోండి" అని చెబుతుంటాడు. ప్రూఫ్‌రీడరు నిజంగానే ఆ తర్వాత ఒక్క సిగరెట్టు ముట్టుకోలేదు. తనను నమ్మిన మనిషిని ఒక్కపూటైనా సంతోషపెట్టాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

చేయాలనుకున్నది చాలా తేలికైన వంట. అలాగని వీడియోలో ఉంది. అంగట్లో దొరికే పొరల పిండి షీటు తెచ్చుకోవాలి, పట్టీలుగా కోసుకోవాలి, అందులో వేయించిన కైమా, తురిమిన చీజ్ పెట్టి చుట్టాలి, పైన గుడ్డుసొన రాసి ఓవెన్‌లో పెట్టాలి. వీడియోలో అమ్మాయి వాటిని రోల్స్ అంది. అక్కడే మన ప్రూఫ్‌రీడరుకు చిరాకేసింది.

ప్రెస్సులో పదిమంది రాసిన తెలుగును దిద్ది దిద్ది అతనికో జబ్బు పట్టుకుంది. ఇంగ్లీషు మాట చెవిన పడితే దానికి తెలుగు చేసేదాకా నిద్రపట్టదు. ఇంట్లో ఫ్రిజ్ చలిపెట్టె, ఓవెన్ సెగపెట్టె. బావమరిది అతన్ని 'అచ్చతెలుగు బావ' అనే పిలుస్తాడు. చీజ్‌ను జున్ను అందామంటే జున్ను వేరు కదా అని అది ఒక్కటీ వదిలేశాడు గానీ, మిగతాదంతా క్షణంలో తేల్చేశాడు. రోల్స్ అంటే చుట్టలు. బేక్ చేయడమంటే కాల్చడం. ఇంత చక్కటి మాటలుండగా ఇంకొకరిది అరువు తెచ్చుకోవడమెందుకని తన భుజం తానే తట్టుకున్నాడు.

చుట్టడం కుదరడానికి కొంతసేపు పట్టింది. అతుకు కిందివైపు ఉండాలని వీడియోలో చెప్పినప్పుడు అతను ఉల్లిపాయలు కోస్తూ ఏడుస్తున్నాడు. అందుకని మొదటి వాయిలో అతుకులన్నీ పైకి పెట్టాడు. వేడి తగలగానే అవి నోళ్ళు తెరిచాయి. లోపలి చీజ్ కారి సెగపెట్టె అడుగున పడి మాడింది. ఇల్లంతా పొగ. కళ్ళు మండుతుండగా తలుపు తీసి చూస్తే బొటనవేలంత లావున, జానెడు పొడవున, నల్లగా నిగనిగలాడుతూ పడి ఉన్నాయి. వాటిని పళ్ళెంలోకి దొర్లించి, కిటికీ గట్టుమీద పెట్టి, పేపరు కప్పాడు.

రెండో వాయి చుడుతుండగా అత్తగారి ఫోను వచ్చింది.

"అల్లుడుగారూ, బయల్దేరుతున్నాం. ఏం చేస్తున్నారు?"

"చుట్టలు కాలుస్తున్నానండి అత్తయ్యగారూ."

ఇరవై ఏళ్ళ కిందట మొగుడి చేత చుట్ట మాన్పించిన ఇల్లాలు ఆవిడ. ఇప్పటికీ చుట్టాలందరికీ ఆ విజయం వర్ణించి చెబుతూనే ఉంటుంది.

"ఏం కాలుస్తున్నారూ?"

"చుట్టలండి. కొన్నవి కావు, నేనే చుట్టాను. మొదట్లో చెయ్యి తిరగలేదు గానీ ఇప్పుడు అలవాటైపోయింది."

"అలవాటైపోయిందా!"

"ఇల్లంతా కాస్త పొగ పట్టేసిందండి. కిటికీలు తీశాను, మీరొచ్చేసరికి పోతుందిలెండి."

"వాటిలోపల... ఏం కూరారు?" అత్తగారు గొంతు తగ్గించి అడిగింది.

"అదిప్పుడు చెప్పనండి. మామయ్యగారిక్కూడా రెండు ఉంచుతాను. ఒక్కసారి నోట్లో పెట్టుకున్నారంటే మళ్ళీ వదలరు. అన్నట్టు, మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి. తనకు తెలియకుండా చేస్తున్నాను."

ఫోను టక్కున ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని ప్రూఫ్‌రీడరు గుడ్డుసొన రాసుకోవడంలో పడ్డాడు.

టాక్సీలో అత్తగారు నెత్తి కొట్టుకుంది. "నా కూతురి బతుకు ఏం కాను? సిగరెట్టు పోయి చుట్ట వచ్చిందటండీ! అందులో ఏం మందు కూరుతున్నాడో ఏమో. మీకూ అలవాటు చేస్తాడట!" మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ "ఊఁ" అన్నారు. ఆయన జేబులో ఎప్పటిలాగే రెండు కళ్ళజోడు పెట్టెలున్నాయి. ఒకటి చదువుకి, ఒకటి దూరానికి అంటారాయన. వాటిని చేత్తో ఒకసారి తడుముకుని మళ్ళీ బయటికి చూశారు.

చెప్పొద్దన్నాక చెప్పకుండా ఉండడానికి అత్తగారేమైనా గోడా? వెంటనే కూతురి కోసం క్లినిక్కుకు ఫోను చేసింది. ఆ సమయానికి కూతురు పేషెంట్లతో ఉంది, డాక్టరు ఎత్తాడు. అంతా విని కుర్చీలోంచి లేచిపోయాడు. పోయేది ఒక్క అల్లుడి పరువా? రోజూ ఉదాహరణ చెప్పే డాక్టరుది కూడా. కాసేపటికి క్లినిక్ తలుపు వేసేసి, ఏడుపు మొహంతో ఉన్న రిసెప్షనిస్టును కారెక్కించుకుని బయల్దేరాడు.

"వంట చేస్తున్నారేమో..." అని దారిలో డాక్టరు ఎందుకో అనబోయాడు.

"ఆయనా? వంటా?" అంది ఆమె. అంతటితో ఆ ఆలోచన పోయింది.

నలుగురూ మెట్ల దగ్గరే కలుసుకున్నారు. బెల్లు మోగేసరికి ప్రూఫ్‌రీడరు స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, రెండో వాయిని సెగపెట్టెలో పెట్టి సిద్ధంగా ఉన్నాడు. తలుపు తీయగానే పొగ, మాడు వాసన, ఎర్రటి కళ్ళతో ఒక చిరునవ్వు వాళ్ళకు ఎదురొచ్చాయి.

"అరె, డాక్టరుగారు కూడా వచ్చారే! చాలా సంతోషం. ఎలాగోలా సరిపెడదాం లెండి."

"నాకొద్దు" అన్నాడు డాక్టరు.

అత్తగారి చూపు కిటికీ గట్టు మీద పడింది. పేపరు కిందినుంచి నల్లటి కొసలు వరసగా బయటికి కనిపిస్తున్నాయి. "అయ్యో అయ్యో, అంత లావా!" అని సోఫాలో కూలబడింది. "ఏం నాయనా, చుట్టలు కాల్చావా లేదా? ఒక్క మాట చెప్పు."

ఇన్నేళ్ళలో అత్తగారు తనను నువ్వు అనడం అదే మొదటిసారి. దగ్గరితనం పెరిగిందని అల్లుడు మురిసిపోయాడు.

"కాల్చానండి. మొదటి వాయి మాడిపోయింది."

"ఎన్ని కాల్చారు?" డాక్టరు స్టెతస్కోపు బయటికి తీశాడు.

"ఎనిమిదండి. ఇంకో ఎనిమిది లోపలున్నాయి."

"లోపలా?"

"బాగా పొంగుతున్నాయి. కాసేపట్లో బయటికి తీసేస్తాను."

డాక్టరు అతని కొత్త చొక్కా గుండీలు విప్పి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాడు. "గట్టిగా ఊపిరి తీసుకోండి" అన్నాడు. ఇదేం మర్యాదో అర్థంకాక ప్రూఫ్‌రీడరు ఊపిరి తీసుకున్నాడు. పొగకి దగ్గొచ్చింది. "విన్నారా!" అంది అత్తగారు.

అప్పుడు భార్య ముందుకొచ్చింది. "నా మొహం చూసి చెప్పండి. నిజంగా కాల్చారా?"

"కాల్చాను. నీకోసమేగా."

"నాకోసమా?" ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అమ్మ ఎన్ని అన్నా మీ వైపే మాట్లాడాను. అందరితోనూ పోట్లాడాను. ఇదా మీరిచ్చేది, పుట్టినరోజునాడు?"

ప్రూఫ్‌రీడరు చిరునవ్వు పొగలాగే పోయింది. ఎక్కడో అచ్చుతప్పు పడిందని అతనికి తెలుస్తోంది గానీ, ఏ పంక్తిలో పడిందో తెలియడం లేదు.

"మీ మామయ్యగారిని చూసి నేర్చుకోవాలి" అంది అత్తగారు. "ఇరవై ఏళ్ళయింది. మానేయమన్నాను, మానేశారు. అదీ మగతనం అంటే!"

"ఆపవే" అన్నారు మామగారు.

అంత గట్టిగా ఆయన మాట్లాడి చాలా కాలమైంది. కూతురి కన్నీళ్ళు చూశారో, దోషిలా నిలబడ్డ అల్లుణ్ణి చూశారో, పెద్దాయనకు మనసాగలేదు.

"కుర్రాణ్ణి ఏమీ అనకండి. మానడమంటే మీరనుకున్నంత తేలిక కాదు. అబ్బాయీ, నువ్వు కొన్ని నెలలైనా ఆగావు. నేను నాలుగు రోజులు కూడా ఆగలేదు." జేబులోంచి రెండో కళ్ళజోడు పెట్టె తీసి బల్లమీద తెరిచి పెట్టారు. అందులో రెండు చుట్టలు బుద్ధిగా పడుకుని ఉన్నాయి. "రోజూ సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోయడానికి గోడ వెనక్కి వెళ్ళేది దీనికోసమే. తప్పుచేసినవాడు ఒక్కడే కాదు. తిట్టాలనుంటే ఇద్దర్నీ కలిపి తిట్టండి."

అంతలో వంటింట్లో సెగపెట్టె టింగుమంది.

"అయిపోయినట్టున్నాయి" అంటూ ప్రూఫ్‌రీడరు, విప్పిన గుండీలతోనే లోపలికి పరుగెత్తాడు. రెండు చేతులకూ మందపాటి గ్లౌజులతో, పెద్ద ట్రే పట్టుకుని తిరిగొచ్చాడు. బంగారు రంగులో, పొరలు పొరలుగా పొంగి, అంచుల్లో చీజ్ బుసబుసలాడుతూ ఎనిమిదీ బారుగా ఉన్నాయి. ఈసారి అతుకులు కిందికే పెట్టాడు. మాడు వాసన వెనక్కి తగ్గి, కమ్మటి వాసన గదంతా కమ్ముకుంది.

"ఇవిగోనండి, చుట్టలు. పిండిలో మాంసం, చీజ్ పెట్టి కాల్చాను."

డాక్టరు ఒకటి తీసుకుని, విరిచి, పరీక్షగా చూసి, నోట్లో పెట్టుకున్నాడు. "కైమానే" అని నిర్ధారణ చేశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే ఇంకోటి తీసుకున్నాడు.

భార్యకు ఏడుపు ఆగకముందే నవ్వు వచ్చేసింది. "రోల్స్ అని ఏడవొచ్చుగా మహానుభావా! నా ప్రాణం పోయిందనుకోండి."

"అది ఇంగ్లీషు కదా" అన్నాడతను నీరసంగా.

"ఒక్క నిమిషం అనుమానపడ్డాను మిమ్మల్ని."

"ఈ కళ్ళు, ఈ పొగ చూస్తే నన్ను నేనే అనుమానపడేవాణ్ణి. తిను, చల్లారిపోతున్నాయి."

ఆమె తిన్నది. కొరికిన ముక్క ఇంకా నోట్లో ఉండగానే అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. ఇంతమంది ముందు అతనికి దక్కిన బహుమతి అదే, చాలా పెద్దదే.

మామగారు మాత్రం మెల్లిగా కళ్ళజోడు పెట్టె వైపు చెయ్యి చాపారు. అత్తగారు అంతకంటే మెల్లిగా దాన్ని తన సంచిలో వేసుకుంది.

"ముసురు పట్టిన రోజుల్లో కూడా మొక్కలకు నీళ్ళు పోస్తుంటే, ఎంత శ్రద్ధో అనుకున్నాను" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. అందుకే మామగారికి మరీ భయం వేసింది.

ప్రూఫ్‌రీడరు పళ్ళేలు సర్దుతూ మామగారి ముందొకటి పెట్టి, వేడివేడిగా రెండు వడ్డించబోయాడు. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకు వద్దు అల్లుడుగారూ. చుట్టలు ఇవాళే మానేశారు."