కొబ్బరికాయ కొట్టని మెషీన్

“ఇక మీదట మన రాష్ట్రంలో తయారైన ఏ వస్తువూ వేడికి భయపడదు!” అని మంత్రి చెన్నకేశవులు గారు హైటెక్ సిటీలో ప్రకటించారు. ఆ ఎండకు మా వెనక వరుసలో ఇద్దరు సొమ్మసిల్లి పడ్డారు. ఆనందం పట్టలేక పడ్డారని మంత్రిగారు మైకులోనే చెప్పారు. ఎంత చురుకైన బుర్ర! చప్పట్లకని మియాపూర్ నుంచి బస్సులో తోలుకొచ్చిన ప్రజల్లో నేనొకణ్ణి. నాకు ఇంజనీరింగ్ రాదు, చప్పట్లు వచ్చు.

అది ప్రభుత్వ ల్యాబులో మెషీన్ ప్రారంభోత్సవం. విమానం ఇంజన్లో తిరిగే రెక్కలు మంటకు పాడవకుండా వాటికి సిరామిక్ కోటింగ్ వేస్తారు. గాలి తోడేసిన కొలిమిలోకి రసాయనాల ఆవిరి వదిలితే, అది రెక్కమీద గట్టిపడి పొరగా పెరుగుతుంది. మధ్యలో తలుపు తీస్తే పొర పెచ్చులూడుతుంది. అప్పటికే కొలిమిలో ఉన్న రెక్కలు సాయంత్రానికి ఇంజన్ కంపెనీకి చేరకపోతే ఆర్డరు పోతుంది, దాంతో ల్యాబూ పోతుంది.

ఇంజనీరు హర్షిణి పొద్దుటి నుంచీ ఈ ముక్కే మొత్తుకుంటోంది. వింటున్నది పార్టీ మనిషి తిరుపతన్న. కొబ్బరికాయల బుట్టతో వెనకాల నేను.

“తలుపు తియ్యి మేడం. లోపల పసుపు కుంకుమ పెట్టాలె.”

“లోపల వెయ్యి డిగ్రీలున్నది అన్నా.”

“మంచిగైంది. కర్పూరం ఖర్చు మిగిలె.”

“సాయంత్రం దాకా జర ఆగరాదే?”

“సారు ఆగుతడు, ముహూర్తం ఆగుతదా? తలుపు తియ్యనిది, కాయ కొట్టనిది, గదేం మిషనమ్మా?”

హర్షిణి ఇక వాదించలేదు. క్యాంటీన్లో కర్రీ పఫ్‌లు చేసే ఓవెన్ తెప్పించి, ముందు హాల్లో పెట్టించి, దండ వేసింది. అసలు కొలిమి ఉన్న గదికి ‘స్టోర్ రూమ్’ అని కాగితం అంటించింది.

మంత్రిగారు కాయ కొట్టారు. ఓవెన్ తలుపు తీసి బొట్లు పెట్టారు. స్విచ్ నొక్కగానే లోపల బల్బు వెలిగింది. మేం చప్పట్లు కొట్టాం.

“మసాలా వాసనొస్తుందేంది?”

“డిఫెన్స్ రహస్యం సార్,” అంది హర్షిణి.

మంత్రిగారు వెంటనే గొంతు తగ్గించారు. “గింత గొప్ప మిషన్ని హాల్ల పెడ్తరా? ఆ స్టోర్ రూమ్ ఖాళీ చేసి అండ్ల పెట్టుండ్రి. ఇప్పుడే!”

హర్షిణి తలుపుకు అడ్డం నిలబడింది. “సార్, అసలు మెషీన్ లోపలున్నది! ఇది పఫ్‌ల ఓవెన్!”

మంత్రిగారు సెక్రటరీ కామేశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన శిలాఫలకం వైపు చూశారు.

“ప్రారంభోత్సవం దీనికే జరిగిందండీ. రికార్డు ప్రకారం మెషీన్ ఇదేనండి. లోపలిది సామాను.”

కొలిమి మెయిన్ స్విచ్ దించారు. నలుగురు కలిసి కొలిమి తలుపు పీకారు. తెల్లటి పెచ్చులు జలజల రాలాయి.

“పాత సామాను. సున్నం రాలుతున్నది,” అన్నాడు తిరుపతన్న.

హర్షిణి కింద కూర్చుని ఆ పెచ్చుల్ని దోసిట్లోకి ఎత్తుకుంది. తిరుపతన్న మాకు సైగ చేశాడు. కొట్టాం.

సాయంత్రం ఇంజన్ కంపెనీకి సరుకు పంపక తప్పదు. ప్రారంభమైన మెషీన్ ఒక్కటే కనుక అందులోంచి వచ్చిందే పంపారు. పెట్టెకు రిబ్బన్ తిరుపతన్నే కట్టాడు.

మిగిలిన పఫ్‌లు మాకు పంచారు. పొరలు మాత్రం చక్కగా వచ్చాయి. నాదాంట్లో లోపల కూర లేదు.